చుక్కలమ్మ ఆఖరి ఫోటో

శవాన్ని మొదట చూసింది రత్తమ్మ.

జనవరి ఆరో తేదీ, ఉదయం ఆరున్నర. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఆమె ఎర్రదిబ్బ ఎక్కింది. బేరానికి వెళ్ళేముందు డాక్టర్ రెబెక్కా గారింట్లో నాలుగు చేపలు శుభ్రం చేసిచ్చి, వాకిలి ఊడ్చి వెళ్ళడం ఆమె అలవాటు. ఆ రోజు ఇంటికి తాళం వేసి ఉంది. పక్కనున్న టెలిస్కోప్ డోమ్ తలుపు మాత్రం ఓరగా తెరిచి ఉంది.

"అమ్మగారండీ..."

తలుపు తోసింది.

లోపల ఇనప నిచ్చెన కింద, సిమెంటు నేల మీద రెబెక్కా పడి ఉంది. తల కింద రక్తం నల్లగా ఎండిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మూసి ఉన్న డోమ్ కప్పు వైపు చూస్తున్నాయి.

రత్తమ్మ నెత్తి మీది తట్ట జారిపోయింది.

గంగదిబ్బ తునికి తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న జాలరి పల్లె. ఊరి పక్క ఎర్ర ఇసుక దిబ్బ మీద ఏడేళ్ళ కిందట రెబెక్కా ఆ డోమ్ కట్టుకుంది. కాకినాడలో ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం తుని చర్చికి వెళ్ళేది. మిగతా రోజులన్నీ టెలిస్కోప్‌తోనే. ఊళ్ళో అందరూ ఆమెను చుక్కలమ్మ అనేవారు. మొదట్లో ముద్దుగానే అనేవారు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శ్యామలాంబ ఎనిమిదింటికి వచ్చింది. ఆమె వెంట హెడ్ కానిస్టేబుల్ వీరబాబు.

దొంగతనం లేదు. పెనుగులాట గుర్తులు లేవు. టెలిస్కోప్ అరుగు మీదికెక్కే నిచ్చెన ఎనిమిది అడుగుల ఎత్తు. కాలు జారితే చాలు.

బల్ల మీద కంప్యూటర్ వెలుగుతూనే ఉంది. తెర మీద ఒక ఫోటో. నల్లటి ఆకాశంలో ఆవాలు చల్లినట్టు చుక్కలు. ఫోటో కింద తేదీ, టైము. జనవరి ఐదు, రాత్రి పదకొండు నలభై.

"అంటే అప్పటికి బతికే ఉన్నారన్నమాట మేడమ్," అన్నాడు వీరబాబు.

పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టరు కచ్చితంగా చెప్పలేకపోయాడు. రాత్రి ఏడుకీ ఒంటిగంటకీ మధ్య అన్నాడు. దెబ్బ తల వెనక తగిలింది. తనంతట తాను జారిపడినా తగలచ్చు, ఎవరైనా తోసినా తగలచ్చు.

ఆ మధ్యాహ్నం శ్యామలాంబకు బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది. అశ్విని అట. నక్షత్రాల మీద రెబెక్కాతో కలిసి పనిచేస్తున్న సైంటిస్టు.

"మేడమ్, ఒక్క సాయం చెయ్యండి. కరెంటు తీసెయ్యకండి. ఆ కంప్యూటర్లో ఆవిడ ఐదేళ్ళ పని ఉంది. నేను వచ్చి చూసేదాకా అలాగే ఉంచండి."

డిస్క్‌లో ఉన్నదంతా కాపీ తీయించి, శ్యామలాంబ డోమ్‌కు సీలు వేయించింది. కరెంటు మాత్రం ఉంచింది.

సాయంత్రం ఆరూ నలభై ఐదుకు దిబ్బ మీద కాపలా ఉన్న కానిస్టేబుల్ చెప్పులు వదిలేసి ఊళ్ళోకి పరిగెత్తుకొచ్చాడు.

"డోము తెరుచుకుంది సార్! లోపల ఎవరూ లేరు!"

మర్నాడు సాయంత్రం శ్యామలాంబే స్వయంగా వెళ్ళి నిలబడింది.

సముద్రం మీద వెలుతురు పోతోంది. దిబ్బ కింద ఇళ్ళలో ఒక్క తలుపు కూడా తీసి లేదు. ముందు లోపలెక్కడో మోటారు మూలిగింది. తర్వాత గుండ్రటి కప్పు నెమ్మదిగా రెండుగా విడిపోయింది. టెలిస్కోప్ తల ఎత్తి, కాస్త తటపటాయించి, తూర్పున పైకి చూసింది. దేన్నో వెతుకుతున్నట్టు. అది దొరకగానే ఆగిపోయింది.

కారణం ఆమెకు అశ్విని ఫోన్లో చెప్పే ఉంది. రోజూ చీకటి పడగానే గంటన్నరసేపు ఒకే నక్షత్రాల గుంపును చూసేలా రెబెక్కా ప్రోగ్రామ్ రాసిపెట్టింది. ఆ తర్వాత తీసే ఫోటోలు మాత్రం మనిషి దగ్గరుండి తీయాల్సిందే. దిబ్బ మీద ఇంటర్నెట్ లేదు. దూరం నుంచి నడిపించడం కుదరదు.

తెలిసినా, శ్యామలాంబ ఒక అడుగు వెనక్కి వేసింది. చనిపోయిన మనిషి చెయ్యి ఇంకా పనిచేస్తూనే ఉంది.

వెనక నుంచి రత్తమ్మ గొణిగింది.

"అమ్మగారింకా పోలేదండి. చూడాల్సిందేదో మిగిలిపోయిందండి."

*

లోకనాథ్‌కు ముప్ఫై ఎనిమిదేళ్ళు. రెబెక్కా దగ్గర చదువుకుని, ఆమె పర్యవేక్షణలోనే డాక్టరేట్ చేశాడు. ఇప్పుడు కాకినాడలో లెక్చరర్. పిలవగానే స్టేషన్‌కు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు తల్లిలాంటి వారండి."

"ఆఖరిసారి ఎప్పుడు కలిశారు?"

"క్రిస్మస్‌కి కేకు తీసుకెళ్ళానండి. ఆ తర్వాత మళ్ళీ వెళ్ళలేదు."

"ఐదో తేదీ రాత్రి?"

"మా కొలీగ్ గారమ్మాయి రిసెప్షన్. కాకినాడలోనే. తొమ్మిదింపావుకి వెళ్ళాను. పన్నెండున్నర దాకా అక్కడే ఉన్నాను. వీడియో కూడా ఉంటుందండి."

వీడియో ఉంది. పదకొండు నలభైకి లోకనాథ్ ఫంక్షన్ హాల్లో వధూవరుల పక్కన నిలబడి నవ్వుతున్నాడు.

"డోమ్‌లో పదకొండు నలభైకి తీసిన ఫోటో ఉంది. అది ఆటోమేటిగ్గా తీసిందేమో?" అడిగింది శ్యామలాంబ.

"కాదండి. అది చేత్తో తీసిన ఫోటో. ఆ టైముకి ఆవిడ బతికి ఉన్నారనడానికి అంతకన్నా సాక్ష్యం ఏముంటుందండి? తీశాక నిచ్చెన దిగుతూ..."

మాట పూర్తి చెయ్యలేక రుమాలు తీసుకున్నాడు.

నాలుగో రోజు ఉదయం మరో మనిషి తనంతట తానే స్టేషన్‌కు వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. ఉప్పునీటికి రంగుపోయిన చొక్కా. పేరు వీరబ్రహ్మం. గంగదిబ్బలో పడవ ఉన్న జాలరి.

"చుక్కలమ్మని చంపింది నేనేనండి," అన్నాడు.

గదిలో అందరూ పని ఆపేశారు.

"ఎలా చంపావు?"

"శాపం పెట్టానండి."

వీరబాబు నిట్టూర్చాడు. శ్యామలాంబ కుర్చీ చూపించింది. వీరబ్రహ్మం కూర్చోలేదు.

దిబ్బ మీద ఒక హైమాస్ట్ లైటు ఉంది. రాత్రిపూట వేట నుంచి తిరిగొచ్చే పడవలకు అదే గుర్తు. ఆ వెలుతురులో చుక్కలు కనబడవని రెబెక్కా ఊరివాళ్ళతో ఒక ఒప్పందం చేసుకుంది. టెలిస్కోప్ పనిచేసే రాత్రి ఆమె లైటు ఆపచ్చు. మబ్బు పడితే వెలిగించాలి. స్విచ్ డోమ్ దగ్గరే ఉంటుంది. రెండేళ్ళ కిందట నవంబరులో ఒక రాత్రి అల్పపీడనం ముంచుకొచ్చింది. పడవలు తిరుగుముఖం పట్టాయి. దిబ్బ మీద లైటు లేదు. వీరబ్రహ్మం కొడుకు రాజేంద్ర నడుపుతున్న పడవ దారి తప్పి రాతికట్టకు కొట్టుకుంది. వాడికి అప్పుడు ఇరవై రెండేళ్ళు.

"అప్పట్నుంచీ రోజూ రాత్రి పడుకునేముందు దిబ్బెక్కి తిట్టేవాణ్ణండి. మా వాడు పోయినట్టే నువ్వూ చీకట్లో పోవాలని. అలాగే పోయింది కదండీ."

"ఐదో తేదీ రాత్రి కూడా వెళ్ళావా?"

"ఆయ్. పదకొండు దాటాక వెళ్ళానండి. పన్నెండు దాకా కూర్చున్నాను."

"లోపలికి వెళ్ళావా?"

"లేదండి. ఏనాడూ ఆ గుమ్మం తొక్కలేదండి."

"ఏమైనా చూశావా? విన్నావా?"

అతను ఆలోచించాడు.

"ఏం లేదండి. అంతా నిశ్శబ్దం. రోజూ డోము కుయ్యిమని తిరుగుద్దండి. ఆ రాత్రి అదీ లేదు. పెందలాడే పడుకుందేమో అనుకున్నాను."

ఎస్పీ గారి ఫోన్ సాయంత్రానికల్లా వచ్చింది. కక్ష ఉంది. ఆ టైముకు అక్కడున్నాడు. తానే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి?

"రెండు రోజులు టైమివ్వండి సార్," అంది శ్యామలాంబ.

ఆ ముసలాయన మాట ఆమెను వదల్లేదు. డోమ్ తిరగలేదన్నాడు. మరి పదకొండు నలభైకి ఫోటో ఎలా వచ్చింది?

*

అశ్విని పదకొండో తేదీ మధ్యాహ్నం దిగింది. సన్నగా ఉంది. రైలు ప్రయాణంలో నిద్ర లేదు. డోమ్‌లో అడుగుపెట్టగానే నేల మీది మరకను చూసి గోడ పట్టుకుంది. తర్వాత ముఖం తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

చీకటి పడింది. కప్పు తెరుచుకుంది. టెలిస్కోప్ తన గుంపును తాను వెతుక్కుంది. తెర మీద నిమిషానికో ఫోటో వచ్చి పడుతోంది.

"ఇన్నేళ్ళపాటు ఈ ఒక్క గుంపునే ఎందుకు చూశారావిడ?" అడిగింది శ్యామలాంబ.

"ఇందులో చుక్కలన్నీ ఒకేసారి పుట్టినవి మేడమ్. కానీ బరువులు వేరు. బరువైనవి త్వరగా మండిపోయి ముందు పోతాయి. తేలికవి చాలాకాలం మిగులుతాయి. ఏవి పోయాయో, ఏవి మిగిలాయో చూసి గుంపు వయసు చెప్తాం." అశ్విని తెర మీద ఒక చుక్కను చూపించింది. "ఆ బరువు కొలవడానికి ఇది దొరికింది. చూడ్డానికి ఒకటే. నిజానికి రెండు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. ఒకటి రెండోదానికి అడ్డమొస్తే వెలుతురు పడిపోతుంది. మన గ్రహణంలాగే."

శ్యామలాంబ ముందుకు వంగింది.

"ఇది చాలా మసగ్గా ఉందే."

"అవును మేడమ్. ఇప్పుడు గ్రహణంలోనే ఉంది." అశ్విని గడియారం చూసింది. ఏడూ నలభై. "సరిగ్గా మధ్యలో."

"ఆవిడ ఆఖరి ఫోటోలో ఇది ఇంత మసగ్గా లేదు."

ఆరు రోజులుగా శ్యామలాంబ ఆ ఫోటో ప్రింటు ఫైల్లో పెట్టుకుని తిరుగుతోంది. తీసి బల్ల మీద పెట్టింది. పదకొండు నలభై ఫోటోలో అదే చుక్క ఉంది. పక్కవాటికన్నా ప్రకాశంగా ఉంది.

"ఇది ఎన్నాళ్ళకోసారి మసకబారుతుంది?"

"మూడు రోజులకి రెండు గంటలు తక్కువ."

"వెనక్కి లెక్కపెట్టండి."

"ఇవాళ ఏడూ నలభై. దీనికి ముందుది ఎనిమిదో తేదీ రాత్రి తొమ్మిదీ నలభై. దానికి ముందుది..."

అశ్విని వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకుంది.

"ఐదో తేదీ. రాత్రి పదకొండు నలభై."

తెర మీద మరో ఫోటో వచ్చి పడింది.

"ఆ రాత్రి ఆ టైముకి ఈ చుక్క వెలగడానికి వీల్లేదు," అంది అశ్విని మెల్లగా. "ఇది వేరే రాత్రి తీసిన ఫోటో మేడమ్. ఎవరో టైము మార్చి పెట్టారు."

"ఇంత తెలిసినవాళ్ళు గ్రహణం సంగతి మర్చిపోతారా?"

"మర్చిపోరు. లెక్క తప్పయితే తప్ప." అశ్విని తన లాప్‌టాప్ తెరిచింది. "ఈ చుక్క మీద రెండేళ్ళ కిందట లోకనాథ్ గారు రీసెర్చ్ పేపర్ వేశారు. ఆయన చెప్పిన కాలం మూడు నిమిషాలు తేడా. రెబెక్కా గారు ఈ మధ్యే కనిపెట్టారు. ఎక్కడ తప్పు జరిగిందో చూస్తానన్నారు. ఒక్కో గ్రహణానికి మూడు నిమిషాలే కదా అనుకుంటాం. రెండేళ్ళలో అది పేరుకుని పన్నెండు గంటలవుతుంది. ఆయన లెక్క ప్రకారమైతే ఐదో తేదీ రాత్రి చుక్క బాగా వెలుగుతుండాలి."

"ఆ తప్పు ఎందుకొచ్చింది?"

అశ్విని పేపర్లో అతను చూశానన్న రాత్రుల తేదీలు తెరిచింది. వీరబాబు వెనకనుంచి తొంగిచూశాడు. ఒక తేదీ మీద వేలు పెట్టాడు.

"మేడమ్... నవంబరు ఇరవై రెండు. ఆ రోజు సందేళ నుంచీ వానేనండి. ఆకాశమే కనబడలేదు. నాకు బాగా గుర్తు. తెల్లారి రాజేంద్ర శవానికి పంచనామా రాసింది నేనే."

శ్యామలాంబ ఫోటో ప్రింటు తిరిగి ఫైల్లో పెట్టింది.

"వీరబాబూ, హైవే మీద పెట్రోలు బంకు కెమెరాలు మనం ఏ టైము నుంచి చూశాం?"

"పదకొండు నుంచి మేడమ్. ఫోటో టైము అదే కదండీ."

"ఇప్పుడు ఆరింటి నుంచి చూడండి."

*

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఆమె అందరినీ డోమ్‌కు పిలిపించింది. అశ్విని కంప్యూటర్ దగ్గర కూర్చుంది. వీరబ్రహ్మం మొదటిసారి ఆ గుమ్మం దాటి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లోకనాథ్ తెల్ల చొక్కాలో వచ్చాడు. నిచ్చెన వైపు చూడకుండా నిలబడ్డాడు.

"క్రిస్మస్ తర్వాత మళ్ళీ ఇక్కడికి రాలేదన్నారు," మొదలుపెట్టింది శ్యామలాంబ.

"అవునండి."

"ఐదో తేదీ రాత్రి ఎనిమిదీ ఐదుకి మీ కారు తుని దాటి కాకినాడ వైపు వెళ్ళింది. బంకు కెమెరాలో నంబరు కనబడుతోంది."

లోకనాథ్ పెదవులు తడుపుకున్నాడు. "తునిలో వేరే పని మీద..."

"కావచ్చు. ఈ రెండు ఫోటోలు చూడండి. మేమంతా ఫోటో కింద టైము చూశాం. ఫోటోలో ఉన్న చుక్కను ఎవరూ చూడలేదు. ఐదో తేదీ పదకొండు నలభైకి దానికి గ్రహణం. ఈ ఫోటోలో మాత్రం వెలిగిపోతోంది."

"లేదు. ఆ రోజు గ్రహణం లేదండి. నా లెక్క ప్రకారం..."

అంతవరకు చెప్పి ఆగిపోయాడు.

"మీ లెక్క తప్పండి," అంది అశ్విని. తల ఎత్తలేదు. "చూడని రాత్రులు చూసినట్టు రాస్తే లెక్క అలాగే వస్తుంది."

"రెండేళ్ళ కిందట నవంబరు ఇరవై రెండు రాత్రి," అంది శ్యామలాంబ. "రెబెక్కా గారు రాజమండ్రిలో పెళ్ళికి వెళ్ళారని అశ్విని చెప్పింది. డోమ్ మీకు అప్పజెప్పారు. మీరు లైటు ఆపారు. వానొచ్చింది. మళ్ళీ లైటు వేశారా?"

గోడ దగ్గర వీరబ్రహ్మం కదిలాడు.

"చెప్పండి లోకనాథ్ గారూ. వేశారా?"

"సాయంత్రమే వెళ్ళిపోయాను." లోకనాథ్ బల్ల అంచు పట్టుకున్నాడు. "ఐదింటికే లైటు స్విచ్ ఆపేశాను. మబ్బు చూసి, ఇక లాభం లేదని, మళ్ళీ లైటు వెయ్యకుండానే తాళం వేసుకుని ఇంటికి పోయాను. చూస్తున్నానని ఆవిడకి ఫోన్లో చెప్పాను. మబ్బుల సందుల్లోంచి చూశానన్నాను. నమ్మారు. రాత్రులు తక్కువయ్యాయని ఆ రాత్రి కూడా పేపర్లో కలిపేశాను. తెల్లారాక పడవ సంగతి తెలిసింది. అప్పుడెలా చెప్పమంటారు?"

"ఆవిడ రెండేళ్ళు ఆ పాపం తనదనుకున్నారు."

"అనుకున్నారు. రాత్రుళ్ళు నిద్రపోయేవారు కాదు. మొన్న లెక్క తేడా వచ్చి, ఆ రాత్రి ఫోటోలు చూపించమన్నారు. నా దగ్గర లేవు. ఆ రాత్రి నేనిక్కడ లేనని ఆవిడకి అర్థమైపోయింది. ఐదో తేదీ సాయంత్రం రమ్మన్నారు. పేపరు పోతే పోనీ, ఉద్యోగం పోతే పోనీ అన్నారు. ‘నాతో వీరబ్రహ్మం ఇంటికి రా. నీ నోటితో నువ్వే చెప్పు’ అన్నారు. నిచ్చెన మీద నుంచి దిగుతూ నా చెయ్యి పట్టుకున్నారు. నేను విదిలించుకున్నాను."

"విదిలించుకున్నారా? తోశారా?"

లోకనాథ్ నిచ్చెన వైపు చూశాడు.

"తోశాను."

"తర్వాత?"

"కంప్యూటర్ గడియారం ముందుకి తిప్పి, పాత ఫోటో ఒకటి కొత్తగా సేవ్ చేశాను. మళ్ళీ వెనక్కి తిప్పేశాను. పది నిమిషాలు పట్టింది." అతను మొదటిసారి నేల వైపు చూశాడు. "అప్పటికి ఆవిడ ఇంకా పోలేదు. కదల్లేకపోయారు. నేను టైపు చేస్తున్నంతసేపూ నన్నే చూస్తున్నారు."

అశ్విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వీరబాబు సంకెళ్ళు తీశాడు.

వీరబ్రహ్మం మీద పడి కొడతాడేమోనని శ్యామలాంబ అడ్డంగా నిలబడింది. అతను కొట్టలేదు. లోకనాథ్‌ను దాటుకుని అశ్విని దగ్గరికి వెళ్ళాడు.

"ఆ రాత్రి పైన ఏమీ కనబడలేదాండి?"

"లేదండి. మబ్బే."

"చుక్కలమ్మ ఏదో గొప్పది చూస్తందనీ, అందుకు లైటు ఆపేశారనీ అనుకున్నానండి. ఏం చూసిందో అడగాలనుకునేవాణ్ణి." అతను తల అడ్డంగా ఊపాడు. "ఎవరూ ఏమీ చూడలేదన్నమాట."

అశ్విని లేచి నిలబడింది.

జీపు వెళ్ళిపోయాక అతను శ్యామలాంబ వెంట దిబ్బ దిగాడు. సగం దూరం వచ్చాక ఆగాడు.

"అమ్మగారండి, మీరొకసారి మా ఇంటికి రావాలండి. నేను చెప్తే మా ఆడది నమ్మదు. బిడ్డ పోయిన కాడ్నించి చుక్కలమ్మ పేరెత్తనివ్వదు."

ఇల్లు వలల పాక పక్కనే ఉంది. అతని భార్య బేబీ గుమ్మంలో కూర్చుని చేపలకు ఉప్పు రాస్తోంది. పోలీసు బట్టలు చూసి లేచి నిలబడింది. శ్యామలాంబ జరిగిందంతా చెప్పింది. లైటు ఎవరు ఆపారో, ఎవరు వెయ్యలేదో, రెబెక్కా ఎందుకు చచ్చిపోయిందో.

బేబీ ఉప్పు చేతులు అలాగే పట్టుకుని వింది. అంతా అయ్యాక నెమ్మదిగా గుమ్మం మీద కూలబడింది.

"వచ్చిందండి," అంది.

"ఎవరు?"

"చుక్కలమ్మ. పోయిన రోజే. దీపాలు పెట్టే యేళ. ఈయన ఊళ్ళో లేడు. తలుపు కొట్టింది. ‘బేబీ, ఒక్క మాట చెప్పాలమ్మా, రాజేంద్ర గురించి’ అంది. నేను లోపల గడి పెట్టేశానండి."

వీరబ్రహ్మం భార్య ముఖంలోకి చూశాడు. ఈ సంగతి అతనికీ తెలియదు.

"చానాసేపు నిలబడిందండి. ఏడుస్తా పిలిచింది. తలుపు సందులోంచి ఆవిడ కాళ్ళు కనబడతానే ఉన్నాయి. నేను తియ్యలేదండి."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది.

"తీసుంటే ఇక్కడే కూర్చునుండేది కదండీ."

శ్యామలాంబ టోపీ తీసి, ఆమె పక్కన గుమ్మం మీద కూర్చుంది.